దాదికిచ్చు గది జీతమగునా?



హైదరాబాదు వంటి పట్టణములలో భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోవు కుటుంబములు రెండు కలిసి, ఒకే ఆయాను పెట్టుకొనుట కలదు. ఒక ఇంటివారు ఆమెకు గది ఇత్తురు. రెండిండ్ల బిడ్డలను ఆమె సాకును. ఈ పనికి పోవువారిలో మన పల్లెల ఆడబిడ్డలును ఉన్నారు. కావున ఆ గదిని జీతములో లెక్కకట్టుట న్యాయమా అను ప్రశ్న మనకును సంబంధించినదే.

గదికి విలువ లేదని చెప్పరాదు. పట్టణములో అద్దె కట్టువారికి దాని విలువ తెలియును. అయితే ఆమె అక్కడ నుండుట వలన మేలెవరికి? నడిరేయి బిడ్డ యేడ్చిన లేచునది ఆమెయే గదా!

ఉమ్మడి పనిలో మరియొక చిక్కు గలదు. గది ఇచ్చినవారు, "మా వంతు దీనితో తీరినది" అందురు. రెండవవారు తమ సగమే ఇత్తురు. ఇరువురి బిడ్డలను మోసినదానికి చేతికి వచ్చునది సగము జీతము. ఊరిలోనున్న తల్లికి మందులు గదితో కొనగలదా?

అన్నిటికంటె పెద్ద కీడు భయము. పని పోయిన దినముననే నీడయు పోవును. కనుక ఆమె అన్యాయమునకు ఎదురు చెప్పజాలదు.

ఆదికాండములో లాబాను యాకోబుకు తన యింట చోటిచ్చెను. చోటిచ్చుటతో జీతము తీరదని అతడే ఒప్పుకొనెను; పిమ్మట ఆ జీతమును పలుమారులు మార్చి అపకీర్తి పొందెను. ఫరో కుమార్తెయైతే, మోషేను పెంచు దాదికి జీతమే ఇచ్చెదనని మాట ఇచ్చెను.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారిని గూర్చి ఒక సిఫారసు చేసెను. యజమానులు తామిచ్చిన బసలోనే ఉండవలెనని కోరినచో, పనిచేయువారు ఒప్పుకొననిదే అందుకై జీతము కోయరాదు. గదికి తాళముండవలెను, తాళపుచెవి వారి చేతికీయవలెను. పెద్ద తప్పేమియు లేక పని మాన్పించినయెడల, వేరొక పని, వేరొక చోటు వెదకుకొనుటకు గడువీయవలెను.

తలిదండ్రులారా, మీ కుమార్తె బస్సెక్కకముందే అడుగుడి: రొక్కమెంత? ఏ యింటివారు ఎంత, ఏ తేదీన ఇత్తురు? సెలవెన్నడు? ఒక కుటుంబము మానుకొనినచో గది యుండునా? రెండిండ్లవారిచేతను కాగితముమీద వ్రాయించుడి.

ఆయాను పెట్టుకొనువారలారా, మీరిచ్చు గది దానమా, జీతమా? దానమైతే జీతములో లెక్కింపకుడి. జీతమైతే ఆమె ఒప్పుకొనిన వెల కట్టి, రెండిండ్లవారును సమముగా భరించుడి. దానికై ఆమెనుండి కృతజ్ఞత కోరకుడి. ఒకే గదిని రెండు విధముల లెక్కవేయుట తప్పుడు తూనిక యగును.