ఇద్దరు తల్లులు

పోయినవాళ్ళని తలుచుకోవడానికి మనకి తద్దినాలున్నాయి. అవి మనవాళ్ళకే. ఏ దేశంలోనో కొట్టి చంపిన ముక్కూ మొహం తెలియని కుర్రాణ్ణి మనమెందుకు తలుచుకోవాలి? ఈ ప్రశ్న తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు.

అమెరికాలో లారమీ అని చిన్న ఊరు. 1998 అక్టోబరులో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ళ విద్యార్థిని ఇద్దరు యువకులు ఊరి బయటికి తీసుకుపోయి, చావగొట్టి, కంచెకి కట్టేసి పోయారు. మాథ్యూ గే. అంటే మగవాణ్ణి ప్రేమించే మగవాడు. మర్నాడు సైకిల్ మీద అటు వెళ్ళిన ఒకతను అతన్ని చూసి ముందు దిష్టిబొమ్మ అనుకున్నాడట! 12వ తేదీన ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

మనం అస్థికల్ని పదిరోజులైనా ఇంట్లో ఉంచం. మాథ్యూ తల్లి జూడీ, తండ్రి డెన్నిస్ 20 ఏళ్ళు దాచుకున్నారు. సమాధి కడితే ఎవరు పాడుచేస్తారో అని భయం. 2018లో గాని వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో ఉంచలేదు. ఈలోగా ఆ తల్లి ఊరూరా తిరిగి మాట్లాడింది. ద్వేషంతో చేసే నేరాల మీద 2009లో అమెరికా చేసిన చట్టంలో ఆమె కొడుకు పేరుంది.

"ఇంతకీ ఆ అబ్బాయి ఏం సాధించాడు?" అంటారేమో. ఏమీ సాధించలేదు. సాధించనిచ్చారా? నవలలో మంచివాడు చచ్చిపోతే నాకు బోలెడు ఉత్తరాలొస్తాయి. మామూలువాడు పోతే ఒక్కటీ రాదు. లోకమూ అంతే! యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన అలన్ ట్యూరింగ్‌ని, మగవాడితో సంబంధం ఉందని 1952లో ఇంగ్లండులో శిక్షించారు. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. సంతోషమే. కానీ నోటు మీదకెక్కేటంత గొప్పవాడైతేనే జరిగింది అన్యాయమా? గౌరవం మార్కులకిచ్చే బహుమతైతే అత్తెసరు మార్కుల పిల్లల గతేమిటి చెప్పండి?

అలాగని చావులే చెబుతూ కూర్చుంటే పిల్లలు నేర్చుకునేది భయమే. అందుకే నాకు లీలా సేఠ్ గుర్తొస్తారు. 1991లో మన దేశంలో ఒక హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి మహిళ ఆవిడ. నవలాకారుడు విక్రమ్ సేఠ్ తల్లి. ఇలాంటి ప్రేమ నేరమేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, 83 ఏళ్ళ వయసులో, కొడుకు పేరు చెప్పి మరీ ఆ తీర్పు తప్పని పత్రికలో రాశారు. నలుగురూ ఏమనుకుంటారో అని చూడలేదు. 2017లో ఆవిడ పోయారు. నేరం కాదని సుప్రీంకోర్టు అన్నది 2018 సెప్టెంబరు 6న.

ఒక తల్లిది శోకం, ఒక తల్లిది ధైర్యం. శోకమొక్కటే వింటే పిల్లవాడు నోరు మూసుకుంటాడు. ధైర్యమొక్కటే చెప్పుకుంటే కంచె దగ్గరి కుర్రాడు మరుగున పడిపోతాడు. రెండూ కావాలి.

ఈసారి భోజనాల దగ్గర ఎవరైనా ఇలాంటివాళ్ళ మీద జోకు వేస్తే, నవ్వకుండా తలదించుకుని అన్నం కెలుకుతున్న పిల్లలెవరైనా ఉన్నారేమో చూడండి. వాళ్ళు మీ మొహం వంకే చూస్తుంటారు.