పాచికలు పడ్డాక

1942 మే నెల. యమాటో యుద్ధనౌకలో జపాన్ అధికారులు మిడ్‌వే దాడిని ముందుగా పటాల మీద ఆడి చూశారు. ఆ ఆటలో మిడ్‌వే దీవి నుంచి అమెరికా పక్షం బాంబర్లు వచ్చాయి. పాచికల లెక్కన తొమ్మిది బాంబులు తగిలి జపాన్ విమానవాహక నౌకలు అకాగి, కాగా మునిగాయి. తీర్పరి రియర్ అడ్మిరల్ ఉగాకి తొమ్మిదిని మూడు చేశారు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటలో మళ్లీ తేలింది.

ఉగాకి లెక్కలో కొంత నిజముంది. జూన్ 4న జరిగిన అసలు యుద్ధంలో మిడ్‌వే దీవి నుంచి లేచిన విమానాలు ఒక్క విమానవాహక నౌకనూ కొట్టలేకపోయాయి; ఆ పని చేసినవి అమెరికన్ నౌకల డైవ్ బాంబర్లు. అయినా నా మనసు శత్రుపక్షం ఆడే అధికారి మీదే ఉంటుంది. తనవాళ్లు ఎక్కడ చావబోతున్నారో ముందే చూపించాల్సినవాడు అతనే. ఆ హెచ్చరికను వాళ్లు దిద్దేశారు. మిడ్‌వేలో జపాన్ నాలుగు విమానవాహక నౌకలను, సుమారు 3,000 మందిని పోగొట్టుకుంది.