దాచుకొనే హక్కు

ప్రసారమైన కార్యక్రమం ఎవరిది? ప్రసారం చేసినవారిదా, చూసినవారిదా? ఇంట్లో తీరిక వేళ చూసుకొనేందుకు వీడియో టేపుపై రికార్డు చేసుకోవడం చట్టవిరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో నలుగురు విభేదించారు. ప్రశ్న అంత సులభమైనది కాదన్నమాట.

సృష్టికర్త హక్కును కాదనలేము. అయితే దొంగ ప్రతులను అమ్ముకోవడం వేరు, దాచుకోవడం వేరు. టేపులు తిరిగి వాడుకొనేందుకు, స్థలం చాలక, బి.బి.సి. సంస్థ 1960, 70 దశకాలలో అనేక కార్యక్రమాలను స్వయంగా చెరిపివేసింది. చిత్రం దొరకని 'డాక్టర్ హూ' భాగాల ధ్వని నేటికీ వినగలుగుతున్నామంటే, నాటి ప్రేక్షకులు ఇళ్ళలో టేపురికార్డరుపై పట్టి ఉంచడమే కారణం. ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్ 2012లో మరణించేవరకు, మూడు దశాబ్దాలకు పైగా టెలివిజన్ వార్తలను సుమారు డెబ్బై వేల క్యాసెట్లలో భద్రపరిచింది.

మన తాళపత్ర గ్రంథాలు నిలిచినదీ ఈ విధంగానే. ఒక ప్రతి చెదలపాలైనా, వేరొక ఇంటి అటక మీద మరొకటి మిగిలింది. టేపు కూడా శిథిలమయ్యేదే. కొత్త సాధనంలోకి ఎత్తి వ్రాయక తప్పదు.

వీడియో రికార్డర్ల తయారీని జపాను సంస్థ ఫునాయ్ 2016లో నిలిపివేసింది. నేడు కోరిన కార్యక్రమాన్ని కోరిన క్షణాన ఇంటర్నెట్ ద్వారా చూడవచ్చు. కాని సంస్థ దానిని తొలగించిననాడు ప్రేక్షకుని వద్ద ఏమీ మిగలదు. చూసే సౌకర్యం పెరిగింది, దాచే అధికారం తగ్గింది. జాతి జ్ఞాపకాన్ని వ్యాపార సంస్థల లాభనష్టాలకే అప్పగించడం న్యాయమా? ప్రభుత్వ భాండాగారాలతోపాటు, గృహస్థుని అలమరకూ ఆ బాధ్యతలో చోటుండాలి.