తప్పు దిద్దాలి, మనసు విరవకూడదు



ఒకరోజు అసర్ నమాజు తర్వాత మస్జిదు బయట ఒక కుర్రవాడు తన సైకిల్‌కు ఎడమ పెడల్ బిగిస్తున్నాడు. పానాతో కుడివైపుకే తిప్పుతున్నాడు. మర పట్టడం లేదు. "తెలియని పని ఎందుకు పెట్టుకుంటావ్?" అని ఒకాయన నలుగురిలో గద్దించాడు. కుర్రవాడు సిగ్గుపడి మరింత బలంగా తిప్పసాగాడు.

అప్పుడు ఒక పెద్దాయన పక్కన కూర్చొని మెల్లగా అన్నారు: "కాస్త ఆగు బేటా! కుడి పెడల్‌కైతే నువ్వు చేసేదే సరి. ఎడమ దానికి మర తిరగేసి ఉంటుంది. ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. బలవంతం చేస్తే క్రాంకులో మర పాడవుతుంది. నేనూ ఒకసారి ఇలాగే పాడుచేసుకున్నాను."

ఆయన పానా లాక్కోలేదు. కుర్రవాడే బిగించుకున్నాడు.

ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలో మూత్రం పోయసాగితే సహాబాలు అతనిపైకి లేచారు. దైవప్రవక్త (సఅసం) వారిని ఆపారు. అతని పని ముగిశాక ఆ చోట నీళ్లు పోయించారు. మస్జిదు ఉన్నది దేనికోసమో అతనికి వివరించారు (బుఖారీ, ముస్లిం). ఫిరౌనుతో సైతం మృదువుగా మాట్లాడమని మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లను అల్లాహ్ ఆజ్ఞాపించాడు (తాహా: 44). మన ముందున్నది ఫిరౌను కాదు, మన బిడ్డే!

అలాగని చూసి ఊరుకోవడం కూడా దయ కాదు. సరిగా బిగియని పెడల్ దారిలో ఊడితే పడేది ఆ పిల్లవాడే. కనుక చెప్పాలి, పరువు తీయకుండా చెప్పాలి.

అల్లాహ్ మన నాలుకలకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.