ఏలీయా తిన్న అప్పం

ధ్యాన భాగం: 1 రాజులు 19:1–18

విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఆనపకాయ కొనేవాళ్లు కాయ చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర బొటనవేలి గోరు మెల్లగా గుచ్చుతారు. గోరు దిగితే లేత. దిగకపోతే కాయ మళ్లీ కుప్పలోకే పోతుంది. అక్కడ చాలా ఏళ్లుగా కూరగాయలు అమ్ముతున్న ఒక పెద్దావిడ ఈమధ్య ఇంకో ప్రశ్న కూడా వేస్తోంది. “కూరకా అమ్మా, జ్యూసుకా?” జ్యూసుకంటే ఊరుకోదు. “ముక్క కోసి నాలిక్కి రాసి చూడు. చేదుంటే పారబొయ్యి. డబ్బులకేటి, మళ్లీ వస్తాయి.”

ఆమె చెప్పేది అక్షరాలా నిజం. 2010లో ఢిల్లీలో చేదెక్కిన ఆనపకాయ రసం తాగి ఒకాయన చనిపోయాక, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి విచారించింది. ఆనప, దోస, కాకర జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలుంటాయి. ఒక్కో కాయలో అవి విపరీతంగా పెరిగి విషమవుతాయి. చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా తాగొద్దని, ఆనపకాయ రసాన్ని వేరే రసాలతో కలపొద్దని ఆ నిపుణులు చెప్పారు. కాకర రసంలో కలిపేస్తే ఏ చేదు ఏ కాయదో ఎలా తెలుస్తుంది? తాగాక వాంతులు, కడుపునొప్పి వస్తే ఇంట్లో చిట్కాలతో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ధ్యానం చదువుదామని కూర్చున్న మీకు పొద్దున్నే ఆనపకాయ సంగతి ఎందుకంటే, మన సంఘాల్లో ఈ రోజుల్లో ఉపవాసం, డీటాక్స్ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. కొత్త సంవత్సరం రాగానే ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలవుతాయి. దానియేలు పేరు చెప్పి కొందరు ఆ రోజులన్నీ రసాల మీదే గడుపుతారు. ఒంట్లో మలినాలు పోతాయి, మనసూ తేలికపడుతుంది అంటారు. పాతపట్నంలో ఉండేవాళ్లకు ఈ ఆశ మరీ ఎక్కువ, అందులో న్యాయమూ ఉంది. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం దుమ్ము కిటికీ చువ్వల మీద పేరుకోవడం చూస్తూ బతికేవాళ్లకు లోపల కూడా ఒకసారి కడిగేసుకుంటే బాగుండుననిపించదా? కానీ తాగిన రసం ఊపిరితిత్తుల్లోకి వెళ్లదు. ఆ దుమ్ముకు జవాబు గ్లాసులో దొరకదు. దుమ్ము లేవకుండా చూడాల్సినవాళ్లను అడగడమే దారి. అలా అడగడం కూడా భక్తిలో భాగమేనని నేను నమ్ముతాను.

దానియేలు మొదటి అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. ఆ నలుగురు యువకులూ రాజు భోజనం వద్దన్నది ఒళ్లు శుద్ధి చేసుకోవడానికి కాదు. పరాయి దేశంలో పేర్లు కూడా మార్చేశాక, తాము ఎవరి వాళ్లమో మరచిపోకూడదని వద్దన్నారు. వాళ్లు అడిగింది పది రోజుల గడువు, శాకధాన్యాలు, మంచినీళ్లు. వాటిని నమిలి కడుపునిండా తిన్నారు. పదో అధ్యాయంలోని మూడు వారాల సంగతి వేరు. అది దుఃఖంలో రుచులు మానుకున్న ప్రార్థన. రెండు చోట్లా దానియేలు తన శరీరాన్ని మురికి పాత్రలా చూడలేదు.

మన శరీరాన్ని అలా చూడటం దాన్ని చేసినవాడికి అవమానమని నాకనిపిస్తుంది. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో ఒకటి రెండు లీటర్లే బయటికి పంపి, మిగతాదంతా భద్రంగా మళ్లీ రక్తానికి అప్పజెబుతాయి. కాలేయం గుండా నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వెళుతుంది. మనం మింగిన మందుబిళ్లను విరిచేదీ, మాంసకృత్తులు అరిగినప్పుడు పుట్టే అమోనియాను యూరియాగా మార్చి మూత్రపిండాలకు అందించేదీ అదే. మనం నిద్రపోతున్నా, ప్రార్థన మరచిపోయినా ఈ పని ఆగదు. ఇది కొని తెచ్చుకునే శుద్ధి కాదు. పుట్టుకతో అందిన కృప.

మరి మనం చేయాల్సింది? ఆ పనికి అడ్డం పడకుండా ఉండటం, దానికి కావలసింది పెట్టడం. మార్కెట్ దగ్గర జ్యూసు బండి పక్కన కాసేపు నిలబడి చూడండి. క్యారెట్, బీట్‌రూట్ ముక్కలు యంత్రంలో పడతాయి. ముందు నుంచి గ్లాసులోకి ఎర్రటి రసం, వెనక నుంచి బకెట్లోకి పిప్పి. ఆ పిప్పిని వేళ్లతో నలిపితే ఇంకా తడిగా ఉంటుంది, వేళ్లకు రంగు అంటుతుంది. పేగుకు కావలసిన పీచంతా ఆ బకెట్లోనే ఉంది. పీచు పోయాక పండ్లలోని చక్కెర రక్తంలోకి వేగంగా చేరుతుంది. షుగరున్నవాళ్లు సింహాచలం అనాసను రసం తీయించుకోకుండా రెండు ముక్కలు నమిలి తింటే ఒంటికి మంచిది, రుచీ దక్కుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2,000 కేలరీల భోజనానికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అని లెక్క చెప్పింది. ఒక పూట బీరకాయ పప్పు, ఒక పూట తోటకూర, నడుమ బరబాటీల వేపుడు, ఎండాకాలం పొద్దున్నే మజ్జిగ పోసిన చోడి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు.

కిడ్నీ జబ్బున్నవాళ్ల గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. పూర్ణా మార్కెట్‌కు కూతవేటు దూరంలోని కేజీహెచ్ ఆసుపత్రికి శ్రీకాకుళం ఉద్దానం నుంచి ఎందరో రోగులు వస్తుంటారు. కొబ్బరితోటల సీమ అది. అక్కడి మనిషికి జబ్బు ముదిరాక డాక్టరు చెప్పే జాగ్రత్తల్లో కొబ్బరినీళ్లు తగ్గించమన్నదీ ఉంటుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియాన్ని బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. పండ్ల రసాలకూ, ఆకుకూరల రసాలకూ ఇదే వర్తిస్తుంది. మీ సంఘంలో అలాంటి సహోదరుడుంటే ప్రేమతో గ్లాసు చేతికిచ్చే ముందు ఆయన డాక్టరును అడగనివ్వండి.

ప్రకృతి వైద్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. జర్మనీవాడైన లూయీ కూనే పుస్తకాన్ని వెంకటచలపతి శర్మగారు 1894లో తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్యానికి అక్కడే పాదు పడిందంటారు. గాంధీజీ 1946లో ఉరులీ కాంచన్‌లో ఆశ్రమం పెట్టి, రామనామాన్నీ ఆ చికిత్సలో చేర్చుకున్నారు. మన కాలంలో మంతెన సత్యనారాయణరాజుగారి మాట విని ఉప్పు, నూనె తగ్గించుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో. అలాంటి చోట్ల రసంతో పాటు తెల్లవారి నడక ఉంటుంది, వేళకు నిద్ర ఉంటుంది, చెప్పుకుంటే వినే మనిషి ఉంటాడు, కనిపెట్టి చూసే వైద్యుడు ఉంటాడు. మనం అక్కడినుంచి గ్లాసొక్కటే ఇంటికి తెచ్చుకున్నాం. నిద్రను అక్కడే వదిలేశాం.

ఇప్పుడు ఏలీయా దగ్గరికి వెళదాం. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన మనిషి, యెజెబెలు పంపిన ఒక్క కబురుకు కుప్పకూలిపోయాడు. బెయేర్షెబా దాకా పరుగెత్తాడు, పనివాణ్ణి అక్కడే ఉంచేశాడు, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి నడిచాడు. బదరీ వృక్షం కింద కూర్చుని ఇక చాలు, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. ఇలాంటి మాట మన ఇంట్లో ఎవరైనా అంటే మనమేం చేస్తాం? విశ్వాసం తగ్గిందంటాం. ఇంకా ప్రార్థించమంటాం. ఉపవాసం ఉండమని కూడా అంటామేమో.

దేవుడు ఆ పని చేయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత వచ్చి అతణ్ణి తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, ఒక బుడ్డిలో నీళ్లు. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. తిన్నవాడు వెంటనే లేచి పనికి పోవాలని దేవుడు తొందరపెట్టలేదు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తట్టాడు, మళ్లీ తినమన్నాడు, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించిందని చెప్పాడు. ఆ తట్టడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. అలిగి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లవాడి భుజం మీద అమ్మ చెయ్యి వేసినట్టుంటుంది. వాడు ఎందుకు అలిగాడో అమ్మ అప్పుడే అడగదు. ముందు కంచం ముందుకు జరుపుతుంది.

అడగడం తర్వాత, హోరేబు దగ్గర. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు రెండుసార్లు అడిగాడు, ఏలీయా ఒకే ఫిర్యాదును రెండుసార్లూ చెప్పుకున్నాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. నువ్వొక్కడివే మిగిలావనుకుంటున్నావు గానీ ఏడు వేలమంది ఉన్నారని చెప్పాడు, ఎలీషాను తోడుగా ఇచ్చాడు. తిండి, నిద్ర, చెప్పుకునే చోటు, ఒక తోడు. ఆ అరణ్యంలో దేవుడు చేసిన వైద్యం ఇంతే.

నోట్లోకి పోయేది మనిషిని అపవిత్రం చేయదని, లోపలినుంచి వచ్చేదే చేస్తుందని ప్రభువు మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చెప్పాడు. తోడబుట్టినవాడితో స్థలం తగాదా పడి ఏళ్ల తరబడి మాట్లాడనివారు మన వీధుల్లోనూ ఉన్నారు. ఆ కక్షను లోపల పెట్టుకుని రాత్రంతా దొర్లుతారు, తిన్నది ఒంటబట్టదు, పొద్దున్నే బీట్‌రూట్ రసం తాగుతారు. స్టీలుప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు నిద్రపట్టక కళ్లు మండుతున్న తమ్ముళ్లున్నారు. 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చినప్పటి నుంచి ఉద్యోగం ఏమవుతుందోనన్న దిగులు ఎన్ని ఇళ్లలో కంచం దగ్గర కూర్చుందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. వాళ్లలో ఎవరైనా చాలు ఇక అనే మాట అంటే తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, మానసిక వైద్యుని దగ్గరికి తోడు వెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసలోపం కాదు. ఏలీయాకు అప్పం పంపినవాడే డాక్టరుకూ ఆ జ్ఞానం ఇచ్చాడు.

ఈ పూట ఉపవాసం ఉన్నవారు ఉండండి, దేవుని సన్నిధిని కోరి ఉండండి. షుగరుకో బీపీకో మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా పూటలు మానకండి. మిగతావారు ఈ రోజు ఒక్క భోజనమైనా ఫోను పక్కన పెట్టి, ఇంట్లోవాళ్లతో కూర్చుని, నమిలి తినండి. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లను పిలవండి.

ప్రార్థన: తండ్రీ, అలసిన నీ సేవకుణ్ణి కోప్పడకుండా అన్నం పెట్టావు, నీకు స్తోత్రం. మా కాలేయాన్నీ మూత్రపిండాలనూ చేసిన నీ చేతులకు స్తోత్రం. రాత్రి ఒంటిగంటకే లారీల మీద కూరగాయలతో బయలుదేరిన రైతులను, తెల్లారకముందే మూటలు దించే కూలీలను, అందరికీ అన్నీ అమ్మి తాను మాత్రం పొద్దెక్కేదాకా టీతోనే సరిపెట్టుకునే ఆ పెద్దావిడను కనికరించు. ఈ రోజు డయాలసిస్ మంచం మీద ఉన్నవారికి ఓపికనివ్వు. నేను మాట్లాడటం మానేసిన మనిషి పేరు నీకు తెలుసు. సాయంత్రంలోగా నాతో ఫోను చేయించు. ఆమెన్.