రెండూళ్ల కాపురము

“మీదే వూరు?” అని యెవరైన నడిగినచో మన తాతలు తడుముకొనక బదులు చెప్పెడివారు. పుట్టిన యూరు, పొలమున్న యూరు, కడకు మట్టిలో కలియు నూరు వారికి ఒక్కటియే. నేడు ఉదయమున బొబ్బిలి రైల్వేస్టేషనులో భుజమున సంచి తగిలించుకొని, టిఫిను డబ్బా చేతబట్టి నిలుచున్న మనిషినడిగి చూడుడు. “కాపురము ఇక్కడ, ఉద్యోగము విజయనగరములో, సొంతవూరు వేరొకటి” యని మూడు మాటలలో గాని యాతని యూరు తేలదు. ఈ మూడింటిలో నాతడు దేనికి బాధ్యుడు? ఈ ప్రశ్న చిన్నదిగా గన్పట్టును గాని, మన గృహధర్మమంతయు దీనిలో నిమిడియున్నది.

విజయనగరమునుండి పార్వతీపురమునకు రైలుమార్గము 1909 నాటికి వచ్చినది. 1913లో సాలూరునకు శాఖ యేర్పడినది. 1931లో మార్గము రాయపూరువరకు పూర్తియైనది. లోపలి దేశపు సరకును సముద్రతీరమునకు చేర్చుటయే నాడు ప్రధానోద్దేశము. ఆ పట్టాలమీదనే నేడు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు, ఆసుపత్రులలో నర్సులు ప్రతిదినము పోయి వచ్చుచున్నారు. 1979 జూన్ 1న విజయనగరము జిల్లాకేంద్రమగుటతో కచేరీలన్నియు నక్కడ చేరినవి. 2022లో బొబ్బిలికి రెవెన్యూ డివిజను హోదా వచ్చినను ఆ ప్రయాణము ఆగలేదు. యేబది కిలోమీటర్లకు పైబడిన యీ దారిలో నటువారు ఇటును, ఇటువారు అటును పోవుచునే యున్నారు. దీనికి మనవారు పెట్టుకొన్న పేరు “అప్ అండ్ డౌను”. “ఏమి చేయుచున్నారు?” అన్నచో “అప్ అండ్ డౌను చేయుచున్నాను” అనియే చెప్పుదురు. తిరుగుటయే యుద్యోగమైనట్లున్నది!

ఈ తిరుగువారికొరకు పట్టణపు అంచుల కొత్త కాలనీలు లేచినవి. పొలములు స్థలములైనవి. స్థలములలో మేడలు లేచినవి. తెల్లవారుజామున దీపములు వెలుగును, కుక్కర్లు కూయును, మోటారుసైకిళ్లు స్టేషనువైపు పరుగిడును. తొమ్మిది గంటలు దాటిన పిదప వీధి యంతయు స్త్రీలది, వృద్ధులది, పసివారిది. చీకటి పడిన పిమ్మట పురుషులు వత్తురు, భుజింతురు, నిద్రింతురు. ఇంటికి యజమాని యనబడువాడు ఆ యింటిని పగటివెలుగులో చూచునది ఆదివారమొక్కనాడే.

ఇట్టి కాపురమును తిట్టుట సులభము. నేనట్లు చేయను. పాత పేటలలో అన్యోన్యత యుండెడిది, నిజమే. కాని ఆ పేటలు కులమునుబట్టి కట్టినవి. అచ్చటి పొరుగు కన్ను ఆదుకొన్నంత తరచుగానే అణచివేసినది. వితంతువు పూలకుండి కొన్నను, బడికిపోవు పిల్ల నవ్వినను ఆ కన్ను లెక్క వ్రాసికొనెడిది. కొత్త కాలనీలో ఆ చూపు కొంత పలుచబడినది. రైలుపెట్టెలో నైతే ఇంకను మేలు. సీజను టిక్కెట్టుగల పదిమంది ఒక్క బల్లపై ఇరుకుకొని కూర్చుందురు. ఒకరి డబ్బాలోని ఇడ్డెన పదుగురి చేతులలోనికి పోవును. ఎవరి చేతిదని యెవరు నడుగరు. ఉపన్యాసములచే సాధ్యముగాని సహపంక్తిని ఆకలియు ఇరుకును సాధించినవి. అయినను ఇల్లు అద్దెకడుగబోయినచో “మీరేమిట్లు?” అను ప్రశ్న యింకను చావలేదు. పెట్టెలో విడిచిన పట్టింపు గుమ్మములో మరల తగులుకొనుచున్నది.

ఇల్లొకచోట, పని యొకచోట నుండుటవలని కష్టమును ఇతరదేశములవారును ఎరుగుదురు. 1898లో ఇంగ్లండున ఎబెనెజరు హొవార్డు ఉద్యాననగరముల ప్రణాళికను ప్రకటించెను. 1903లో లెచ్‌వర్తు నగర నిర్మాణమారంభమైనది. చెట్లనీడను ఇల్లు, ఆ యింటికి నడకదూరమున పని యుండవలెనని యాతని కోరిక. తరువాతి కాలమున అనేక శివారులు చెట్లను మాత్రము గ్రహించి పనిని విడిచిపెట్టినవి. మన కాలనీలకు చాలచోట్ల ఆ చెట్లును లేవు.

బొబ్బిలి చెంతనే గొల్లపల్లి యున్నది. అచ్చట వీణలు చేయువారి యిండ్లలో పనస దుంగను తొలుచు ఉలిచప్పుడు వినుచు పిల్లలు పెరుగుదురు. ఒక్క మ్రానినుండియే కుండయు దండియు తీర్చు నా విద్యను తండ్రి చేయి చూపుచుండగా కన్ను నేర్చుకొనును. ఆ పనిలోని శ్రమయు, కొనువాడు ధర తగ్గించునప్పటి అవమానమును గూడ పిల్లవానికి తెలియును. కాలనీలోని పిల్లవానికి తండ్రి పని యేమో తెలియదు. తండ్రి పని యనగా తండ్రి లేకపోవుట యని మాత్రమే వానికి తెలియును. అందరము మరల ఉలి పట్టుదమని నేననను. వీణ చేయువారి బ్రదుకు పూలపాన్పు గాదు. ఇల్లును పనియు విడిపోయినప్పుడు ఏది పోయినదో గుర్తించుట మంచిదని మాత్రమే నా మనవి.

ఈ ప్రయాణమునకు వెల యింకొకటి కలదు. 2023 అక్టోబరు 29వ తేదీ సాయంకాలము విశాఖపట్టణమునుండి వచ్చుచున్న రాయగడ పాసింజరు కంటకాపల్లి – అలమండ మధ్య ముందున్న పలాస పాసింజరును వెనుకనుండి ఢీకొన్నది. పదునలుగురు మరణించిరి. బొబ్బిలి మీదుగా పోవు బండి యది. ఆ రాత్రి ఈ ప్రాంతమున ఎన్ని యిండ్లలో ఎందరు తలుపు దగ్గర నిలిచి ఫోనుకై యెదురుచూచిరో! పోవువాని కష్టము మనకు కనబడును. ఎదురుచూచువారి కష్టమునకు టిక్కెట్టు లేదు గనుక ఎవరును లెక్కింపరు.

ఆ లెక్కలో చేరనివారి సంగతి నాకు స్పష్టముగా బోధపడినది ఒక చిన్న సంఘటనవలన. ఒక కాలనీలో ఉదయము పదిన్నర గంటలకు ఒక వృద్ధుడు పెరటిలో జారిపడెను. ఇంట కోడలొక్కతె. కొడుకెక్కిన బండి అప్పటికే గజపతినగరము దాటినది. కోడలి కేక విని నలుగురు స్త్రీలు పరుగెత్తివచ్చిరి. ఒకామె ఆటో పిలిచెను. ఒకామె పసిబిడ్డ నెత్తుకొనెను. ఒకామె పోపులడబ్బాలో దాచిన సొమ్ము తెచ్చెను. బుట్టతో కూరలమ్మ వచ్చిన స్త్రీ, ఆ వీధిది కాకపోయినను, బుట్ట దించి ముసలాయన నొకప్రక్క పట్టుకొనెను. కొడుకు తిరిగివచ్చుసరికి తండ్రి మణికట్టుకు కట్టు కట్టించుకొని మంచముమీద మజ్జిగ త్రాగుచుండెను.

తరువాతి ఆదివారము ఆ వీధివారు సభ చేసిరి. ఇట్టి ఆపదల కొరకు సంఘముండవలెనని తీర్మానించిరి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, సభ్యులిద్దరు, వెరసి యైదుగురు నెన్నికైరి. ఐదుగురును పురుషులే. ఐదుగురును ప్రొద్దున్నే బండి యెక్కువారే! ఆనాడు పరుగెత్తివచ్చిన స్త్రీలు లోపలినుండి టీ పంపిరి. సభ ముగిసిన పిదప వారిలో పెద్దామె నవ్వుచు, “మీ సంఘం రాత్రికి పనికొస్తాది బాబూ, పగటికి మేమే గదా” అనెను. అందరును నవ్విరి. ఆ నవ్వులో ఆమె మాట కొట్టుకొనిపోయినది. నాకు మాత్రము నేటికిని చెవిలో మ్రోగుచునే యున్నది. ఏలయనగా ఆ సభలో చేయెత్తి సమ్మతించినవారిలో నేనునొకడను.

“మేము తిరుగుట వారికొరకే గదా!” అని పురుషులందురు. నిజమే. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కాని సంపాదించి తెచ్చుటవలన భోజనముమీద హక్కు కలుగునేమో గాని, తాను లేని వీధిమీద పెత్తనము కలుగదు. “మాకు తీరిక లేదు” అందురు. అదియు నిజమే. తీరిక లేనివానికి పదవి యెందుకు? “పన్ను కట్టుచున్నాము” అందురు. పన్ను పురపాలకసంఘమునకు ముట్టును. పొరుగువానికి ముట్టవలసినది వేరు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని సామెత. మన వీధులలో ఇంట గెలుచుచున్నవా రొకరు, రచ్చలో కుర్చీ వేసికొన్నవారు వేరొకరు.

ఒక యూరికి చెందుట యనగా అక్కడ ఇల్లు కట్టుట గాదనియు, రాత్రి పండుకొనుట గాదనియు నాకు తోచుచున్నది. పిలిచినప్పుడు పలుకగలిగిన వానిదే ఊరు. పలుకజాలని వేళ తన మారుగా పలుకుచున్నవారి కధికారమిచ్చుట లేనివాని మొదటి ధర్మము. 1993 జూన్ 1నుండి అమలైన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములలో మూడవవంతునకు తక్కువగాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. చట్టము మునిసిపల్ కార్యాలయమువరకు వచ్చినది గాని మన వీధిగుమ్మము దాటలేదు. ఎన్నికైన స్త్రీకి మారుగా భర్త సంతకము పెట్టించు వింతలును మనమెరుగనివి కావు.

ఉద్యోగమునకై తానే బండి యెక్కు స్త్రీ సంగతి యింకను కఠినము. ఆమె నాలుగు గంటలకు లేచి వండి పోవును. రాత్రి వచ్చి మరల వండును. పురుషునికి బండి దిగినచోట ప్రయాణము ముగియును. ఆమెకు పొయ్యి ఆర్పినచోట ముగియును. కావున అధికారమును పంచుకొన్నంత మాత్రమున చాలదు. ఆదివారమున సభతోబాటు వంటయింటి పనియు పంచుకొనవలెను.

విజయనగరమునుండి బొబ్బిలికి వచ్చి పాఠముచెప్పి పోవు ఉపాధ్యాయునికిని, కచేరీ నడుపు ఉద్యోగికిని ఇదే న్యాయము. బండివేళకు గంట కొట్టుట తప్పుగాదు. తన బడిలోని పిల్ల వారముదినములు రానిచో ఆ పిల్ల యిల్లెక్కడనో తెలియకుండుట తప్పు. సంవత్సరమున కొక్కసారియైన సాయంకాలపు బండి విడిచిపెట్టి ఆ యిండ్ల అరుగులమీద కూర్చుండునాతడు తానెవరికి పనిచేయుచున్నాడో యెరుగును.

మా వీధి సంఘమునకు మరల ఎన్నిక వచ్చుచున్నది. నా చేయి ఈమారు ఆ పెద్దామెకొరకు లేచును. సభను గూడ మధ్యాహ్నమున పెట్టవలెనని కోరుదును. అప్పుడు బండిలోనున్న మేము రాలేకపోవుదుము. రాలేకపోయినను మాకు నష్టము లేదు. ఇంటికి వచ్చినపిదప ఏమి తీర్మానించిరో అడిగి తెలిసికొందుము. ఇన్నేండ్లు వారు చేసినది అదియే గదా!