ఇంటి పిల్ల

దాశరథి రంగాచార్యగారి ‘చిల్లర దేవుళ్ళు’ నవల 1969లో వచ్చింది. నిజాం కాలపు తెలంగాణ పల్లె, అందులో దొరగారి గడీ, ఆ గడీలో వనజ అనే ఆడబాప. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు సారెతోపాటు పుట్టింటివాళ్ళు పంపే పిల్లని ఆడబాప అనేవారు. ఆమె చాకిరీ దొరసానిది, శరీరం దొరది. ఆమెదంటూ ఏమీ లేదు.

అలాంటి పిల్ల కథ చదివితే ఏ ఆడదానికి కళ్ళు చెమర్చవు? “పాపం, ఎంత ఓర్పు!” అనుకుని పుస్తకం మూసేస్తాం. నా సందేహమల్లా అక్కడే. ఓర్పుని మెచ్చుకోవడం జాలి కిందికి వస్తుందా? ఓర్చుకునేవాళ్ళు ఉన్నంతకాలం బాధపెట్టేవాళ్ళకి ఢోకా లేదు కదా!

గడీల పెత్తనం పోయింది. ఆడబాపలూ పోయారు. ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచి ఇళ్ళకి మళ్ళే మన తార్నాక ఆడవాళ్ళ కబుర్లు వినండి. నవలలూ, సీరియళ్ళూ, కూరల ధరలూ అయ్యాక పనిపిల్ల దగ్గర ఆగుతాయి. “మేం పనిమనిషి అనుకోమండీ, ఇంటి పిల్లలాగే చూసుకుంటాం” అంటుందొకావిడ. అబద్ధమేం కాదు. పండక్కి కొత్త బట్టలు పెడుతుంది, జ్వరమొస్తే మాత్ర ఇస్తుంది.

కానీ ఆ పిల్లకి 15 ఏళ్ళు. 14 నిండనివాళ్ళని ఇళ్ళల్లో పనికి పెట్టుకోకూడదని 2006లోనే నిషేధం వచ్చింది. ఉచిత చదువుని హక్కు చేసిన 2009 చట్టం కూడా 14 దగ్గరే ఆగింది. 2016 సవరణ 14 నుంచి 18 లోపువాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే పెట్టొద్దంది. అంట్లు తోమడం ఆ జాబితాలో లేదు. అంచేత మనం చట్టం తప్పలేదు. పిల్లకి బడి మాత్రం తప్పింది.

ఇంటి పిల్ల అవునో కాదో తేల్చుకోవడానికి నాకు రెండు ప్రశ్నలు తోస్తాయి. మన అమ్మాయికి పరీక్షలైతే ఇంట్లో టీవీ కట్టేస్తాం. మరి ఈ పిల్ల పరీక్ష రాస్తానంటే ఆ నెల్లాళ్ళూ అంట్లెవరు తోముతారు? “వెళ్ళిపోతానమ్మా” అంటే జీతం లెక్కగట్టి చేతిలో పెట్టి పంపుతామా, వాళ్ళమ్మ తీసుకున్న అప్పు గుర్తుచేస్తామా?

“మేం పెట్టుకోకపోతే దానికి తిండెక్కడిదండీ?” అంటారు. నిజమే, ఆకలి ముందు నీతులు నిలవవు. కానీ ఆ మాట గడీలో దొరసాని కూడా అని ఉంటుంది. అన్నం పెట్టి చదువు తీసుకుంటే అది బేరం, దయ కాదు. ఆ పనేదో వాళ్ళమ్మకే ఇచ్చి, పెద్దవాళ్ళకిచ్చే జీతమిచ్చి, పిల్లని ఇంటర్‌లో చేర్పించమనొచ్చు. కాస్త ఖర్చే, కాదనను.

నవలలో పిల్ల బతికి బయటపడాలని మనసారా కోరుకుంటాం. అదే పిల్ల మన వంటింట్లోంచి బయటపడితే “విశ్వాసం లేనిది” అంటాం. ఎందుకంటారు?